నీళ్ళలో పోసిన సున్నం

పొద్దున్నే కళ్ళు తెరవగానే మా అమ్మ అడిగే మొదటి మాట, "ఎంతున్నాదిరా?" అని. డ్యామ్‌లో నీటి మట్టం ఎంతుందని. డ్యామ్ గేట్లు ఎత్తి దించే ఉద్యోగం నాది కాబట్టి ఆ సంగతి నాకు తెలుస్తుంది. చెబుతాను. విని గోడకేసి తిరిగి పడుకుంటుంది. ఏళ్ళ తరబడి ఇదే వరస. డ్యూటీలో మట్టం, ఇంటికొస్తే మట్టం. విసుగొచ్చి ఒకరోజు, "నీ కొడుకు మట్టం ఎంతుందో ఎప్పుడైనా అడిగావా అమ్మా?" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

ఆవిడ అడగడానికి కారణం ఉంది. మా నాన్న ఆ నీళ్ళ కింద ఉన్నాడు.

బయటివాళ్ళకు మా డ్యామ్ ఒక పిక్నిక్కు. ఆదివారం వస్తే పట్నం జనం పులిహోర డబ్బాలతో దిగి, గట్టు మీద నిలబడి ఫొటోలు తీసుకుంటారు. "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందండీ" అని నాతోనే అంటారు. అవునండీ అంటాను. ఆ ప్రశాంతం కింద మా వీధి ఉందనీ, మా చర్చి మెట్లు ఉన్నాయనీ చెబితే వాళ్ళ పులిహోర చేదెక్కుతుంది. మొదట్లో చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఓపిక లేదు. ఈ నీళ్ళతో పండిన ధాన్యమే ఆమదాలవలస మిల్లులకు లారీల మీద పోతుంది. ఈ నీళ్ళే పట్నం కుళాయిల్లో వస్తాయి. కాలువ మొదట్లో ఉన్న చిన్న పవర్‌హౌసులో కరెంటు కూడా తీస్తారు. ఆ పవర్‌హౌసు రొద వినబడే దూరంలోనే మా నిర్వాసితుల కాలనీ. వేసవిలో మాకే కరెంటు పోతుంది. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు పెద్దలు.

డ్యామ్ కట్టేటప్పుడు నేను పలక మోసే వయసువాణ్ణి. మా ఊళ్ళో రెండు భాగాలు, మధ్యన గెడ్డ. వానాకాలం పారి వేసవిలో ఎండే చిన్న ఏటిని మా వైపు గెడ్డ అంటాం. గెడ్డకు ఇవతల రైతుల ఇళ్ళు, కళ్లాలు. అవతల మా మిషను పేట, చర్చి, దాని వెనక సమాధుల తోట. ఊరు మునుగుతుందని సర్వేవాళ్ళు చెప్పినప్పుడు ఎవరూ నమ్మలేదు. కొండల మధ్య అంత ఎత్తున నీళ్ళు నిలబడతాయంటే ఎవరు నమ్ముతారు? పైగా గట్టు పనికి కూలీలు కావాలన్నారు. మా పేటవాళ్ళం అందరం వెళ్ళాం. మా నాన్న రాళ్ళు మోశాడు, అమ్మ మట్టి మోసింది. ఎవరి గొయ్యి వాళ్ళే తవ్వుకోవడమంటే ఏమిటో మా పేటకు అప్పుడు తెలియలేదు. తెలిసేసరికి గట్టు సగం లేచింది.

గట్టు పూర్తి కాకముందే నాన్న జ్వరంతో పోయాడు. సమాధుల తోటలో పెట్టాం. తరవాత కొన్నాళ్ళకు ఊరు ఖాళీ చెయ్యమన్నారు. సంఘం పెద్దలు కూడబలుక్కుని, ఎవరి మనుషుల్ని వాళ్ళు తీసుకెళ్ళి కాలనీలో కొత్తగా ఇచ్చిన జాగాలో పెట్టుకోవచ్చన్నారు. కొందరు తీసుకెళ్ళారు. అమ్మ ఒప్పుకోలేదు.

"తొంగున్నోడ్ని నేపకూడదు," అంది.

పడుకున్నవాణ్ణి లేపకూడదని, అంతే మాట. పాస్టరుగారు వచ్చి చెప్పినా వినలేదు. నీళ్ళు అంతదాకా రావని లోపల ఎక్కడో ఆశ కూడా ఉండి ఉంటుంది. ఆ ఏడు వానలకు నీళ్ళు వచ్చాయి. చర్చి కప్పు దాకా వచ్చాయి, ఆ పైకి కూడా వచ్చాయి. కాలనీలో నిలబడి చూస్తే రెండు మూడు తాటి తలలు తప్ప ఊరి ఆనవాలు లేదు.

మా క్రైస్తవుల్లో ఈస్టరు తెల్లవారకముందే సమాధుల తోటకు వెళ్తాం. ముందురోజే సమాధులు కడిగి సున్నం వేస్తాం. తెల్లారగట్ల కొవ్వొత్తులు, బంతిపూలు పెట్టి, కీర్తన పాడి, ప్రభువు లేచినట్టే వీళ్ళూ లేస్తారని ప్రార్థన చేసుకుంటాం. నీళ్ళు వచ్చాక మొదటి ఈస్టరుకు ముందురోజు అమ్మ పొద్దుట లేచి సున్నం నానబెట్టింది. ఎక్కడ వేస్తావని అడగడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. పడవ కావాలంది. అప్పటికి పడవ ఉన్నవాడు బావ ఒక్కడే.

బావంటే మాకు చుట్టం కాదు. గెడ్డ ఇవతల రైతుల ఇంటివాడు, నాకంటే పది పన్నెండేళ్ళు పెద్ద. కులమూ మతమూ వేరైనా మా వైపు వరస కలిపి పిలుచుకోవడం మామూలే. నాకు బావ, అమ్మకు అల్లుడు వరస. వాళ్ళ మాగాణి అంతా మునిగాక, చేసేదేమీ లేక, మునిగిన పొలం మీదే పడవ వేసి చేపలు పట్టడం నేర్చుకున్నాడు. "దున్నిన చోటే వలేస్తన్నాను బావా, ఎరువు కూడా అక్కర్నేదు," అనేవాడు. ఆ మాటకు మొదట్లో నవ్వేవాళ్ళం.

ఆ ఈస్టరుకు అతని పడవలో మా పేటవాళ్ళం కొందరం ఎక్కాం. నీళ్ళ మీద మంచు. ఎటు చూసినా ఒకేలా ఉంది. ఒక తాటిమోడు కనబడింది. అమ్మ దాన్ని పట్టుకుని "ఇదే, ఇదే" అని ఏడ్చింది. సమాధుల తోట మూల ఒక తాటిచెట్టు ఉన్న మాట నిజమే. అందరం ఏడ్చాం, పాడాం. అప్పుడు అమ్మ బకెట్టులో సున్నం గరిటెతో తీసి నీళ్ళలో పోసింది. తెల్లగా మబ్బులా విచ్చుకుని, కాసేపటికి కలిసిపోయింది.

ఆ తరవాత ప్రతి ఈస్టరుకూ అంతే. కొవ్వొత్తి గాలికి ఆగదు కాబట్టి మానేశాం గానీ సున్నం మానలేదు. కాలనీలో కుర్రకారు, "బూడిదలో పోసిన పన్నీరు ఇన్నాం గానీ, నీల్లల్లో పోసిన సున్నం ఇక్కడే సూసాం," అని ఎగతాళి చేసేవాళ్ళు. అమ్మ లక్ష్యపెట్టలేదు. నాకు పెళ్ళయింది. నిర్వాసితుల కోటాలో ఇదే డ్యామ్‌లో ఉద్యోగం వచ్చింది. మా ఊరిని ముంచిన నీళ్ళకు నన్నే కాపలా పెట్టారు. బావ జుట్టు నెరిసింది. తాటిమోడు సగం విరిగి నీళ్ళ మీదకు కొంచెమే మిగిలింది. మేం ఏటేటా దాని పక్కన పడవ ఆపి పాడుతూనే ఉన్నాం.

ఆ మధ్య ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. డ్యామ్ అడుగంటింది. కరవులో అధిక మాసంలా అదే వేసవిలో అడుగు గేట్లకు మరమ్మతు పెట్టారు. రబ్బరు సీళ్ళు మార్చాలని ఉన్న కాస్త నీళ్ళూ వదిలేశారు. వదిలింది నేనే. గట్టు మీంచి చూస్తుంటే మా ఊరు మెల్లగా పైకి వచ్చింది. బురద రంగు గోడలు, బావుల వరలు. ఏది ఎవరిదో అంత దూరానికి తెలియలేదు. నాకు సంతోషమా, భయమా అంటే చెప్పలేను. అలసటగా అనిపించింది. ఇన్నాళ్ళూ మూసి పెట్టిన పెట్టె ఎవరో తెరిచి, ఇక సర్దుకో అన్నట్టుంది.

ఆ ఈస్టరుకు పడవ అక్కర్లేకపోయింది. అమ్మకు నడక చాతకాదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నేనొక పక్క, బావ ఒక పక్క పట్టుకుని, బీటలువారిన ఒండ్రు మీద మోసుకెళ్ళాం. బావ ఆ రోజు మాట్లాడలేదు. బరువుకి అనుకున్నాను. వెనక మా పేటవాళ్ళు పూలూ సున్నమూ పట్టుకుని వస్తున్నారు.

తాటిమోడు దగ్గరికి వచ్చాం. కుర్చీ దించాం. అమ్మ చేతికర్రతో మట్టి గీకింది. కింద గట్టిగా చదునుగా ఉంది. చుట్టూ గీకాం. ఒక్క సమాధి లేదు, సిలువ లేదు. నడిమధ్యన పశువుల్ని కట్టి తిప్పే గుంజ మొదలు ఒకటి నల్లగా మిగిలి ఉంది. నూర్చిన చోటు నేల ఎంత గట్టిపడుతుందో మా వైపు పిల్లలకు కూడా తెలుసు. అమ్మ తలెత్తి అటూ ఇటూ చూసింది. ఎండిన గెడ్డ మాకు అవతల పక్క ఉంది. అంటే మేం రైతుల వైపే ఉన్నాం.

"ఇది కల్లం కదేట్రా?" అంది.

బావ నేల మీద కూలబడ్డాడు.

"మా కల్లమే అత్తా," అన్నాడు.

"నీకు తెల్సా?"

"నా కల్లం నాకు తెలీదేటి? మొదటి నాడే తెల్సు."

ఆ మాటకు అమ్మ ముఖం ఎలా మారిందో చెప్పలేను. "ఇన్నేల్లు నీ వడ్ల కల్లానికి నా సేత సున్నమేయించినావేట్రా!" అని కర్ర ఎత్తింది. బావ తప్పుకోలేదు.

"మొదటి ఏడు నువ్వు 'ఇదే, ఇదే' అని మోడు పట్టుకుని ఏడిసినావు. కాదత్తా, అది గెడ్డ అవతల, ఆ తాడిసెట్టు అప్పుడే ఒరిగిపోనాది అని ఎలగ సెప్పను? నోరు రానేదు. ఇంకో ఏడు సెప్దారనుకున్నాను. అప్పటికి సిగ్గేసింది. ఆ తరవాత..." అని ఆగాడు. మట్టి పిసుకుతూ అన్నాడు, "ఆ తరవాత సెప్పాలనిపించనేదు. మీకు ఏడాదికోపాలి రాడానికి సమాదులున్నాయి. మా కాడ సచ్చినోల్లని కాల్చీసినాం. మాకేటున్నాది? మునిగిన కల్లానికి ఎవులు పూలేస్తారు? మీరు పాడతంటే మా నాయన, మా తాత, ఆల గొడ్లు అందరూ అక్కడే ఉన్నట్టుండీది. సెప్తే మానేస్తారని బయమేసింది."

నాకు కోపం రావాలి. రాలేదు. అన్ని ఈస్టర్లు అతను తెడ్డు పట్టుకుని తల వంచుకుని కూర్చున్న వైనం గుర్తొచ్చింది. మా భక్తికి గౌరవం ఇస్తున్నాడనుకునేవాణ్ణి. అతనిది అతను ఏడ్చుకుంటున్నాడన్నమాట.

అమ్మ కర్ర దించింది. చాలాసేపు ఆ గుంజ మొదలు వైపు చూసింది. తరవాత "పద, బేగి అవతలికి మొయ్యండి," అంది.

గెడ్డ దాటాం. సమాధుల తోట అక్కడే ఉంది, ఎక్కడికి పోతుంది. సగం సిలువలు విరిగాయి, కొన్ని ఒండ్రులో కూరుకుపోయాయి. నాన్న సమాధిని అమ్మ వెంటనే పట్టేసింది. పక్కన సంఘం పెద్ద ఒకాయనకు కట్టిన ఎత్తు సమాధి, దానికి తూర్పున మాది. సిలువకు ఒక చెయ్యి లేదు. కుర్చీలోంచి కిందికి దిగి, పైట చెంగుతో మట్టి తుడిచింది. బ్రష్షు ఇస్తే తీసుకోలేదు. అరచేత్తోనే సున్నం పూసింది, గోడ అలికినట్టు. చేతులు పొక్కుతాయమ్మా అన్నాను. వినిపించుకోలేదు. పని అయ్యాక ఆ పక్కన ఖాళీగా ఉన్న నేలను చేత్తో తట్టింది.

"ఇదిగో, ఇక్కడ పెట్టీ నన్ను. నీల్లొచ్చేలోగా పోతాను."

నవ్వులాటకు అన్నదనుకున్నాను. కాదు. ఆ రోజు నుంచి అమ్మకు అదే పని. ప్రార్థనలో మోకరించి బాహాటంగా అడిగేది, వానలకు ముందే తీసుకుపో ప్రభువా అని. తెల్లవారి కళ్ళు తెరిచి, ఇంటి దూలం చూసి, "ఇంకా ఉన్నాను," అనేది ఎంతో నిరాశగా. చావు కోసం ఎదురుచూసే మనిషికి అన్నం కలిపి పెట్టడం ఎంత కష్టమో పెట్టిన వాళ్ళకే తెలుస్తుంది. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ పెట్టేది. అమ్మ మాత్రం శుభ్రంగా తినేది. ఆకలి ఆవిడ మాట వినదు కదా.

కింద ఆయకట్టు రైతులు రోజూ డ్యామ్ దగ్గరికి వచ్చి ఆకాశం చూసేవారు. నారుమళ్ళు ఎండిపోతున్నాయని నా దగ్గర మొరపెట్టుకునేవారు, నా జేబులో వాన ఉన్నట్టు. కాలనీ చర్చిలో వాన కోసం ఉపవాస ప్రార్థన పెట్టారు. రామాలయంలో భజనలు చేశారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు మా అమ్మ ఒక్కతే వాన రాకూడదని ప్రార్థించింది. నేను ఎటు ఆమెన్ అనాలో తెలియక నోరు మూసుకుని కూర్చునేవాణ్ణి. వాన రాకపోతే రైతులు పోతారు, వస్తే అమ్మ ఆశ పోతుంది. అమ్మ ఆశ తీరితే అమ్మే పోతుంది. ఏది కోరుకున్నా నాకే తగిలేది.

వాన వచ్చింది. కొండల్లో పట్టిందంటే ఇక ఆగదు మా వైపు. గెడ్డ ఎర్రగా పొంగి డ్యామ్‌లోకి దిగింది. మధ్యాహ్నం పైనుంచి ఫోను వచ్చింది, మరమ్మతు అయిపోయింది కదా, అడుగు గేట్లు మూసెయ్యమని. గేట్లు తెరిచి ఉన్నంతసేపు నీళ్ళు వచ్చినవి వచ్చినట్టు పోతాయి. మూస్తే నిలబడతాయి. నిలబడితే సమాధుల తోట మళ్ళీ మునుగుతుంది.

గొడుగు వేసుకుని ముందు ఇంటికి వెళ్ళాను. అమ్మ అరుగు మీద కూర్చుని వాన చూస్తోంది.

"గేట్లు వెయ్యమన్నారమ్మా," అన్నాను.

వాన మీంచి చూపు తిప్పకుండానే అంది, "ఒక్క రోజు ఆగి వెయ్యలేవేట్రా?"

నాకు ఒళ్ళు మండింది. వారాల తరబడి దాచుకున్న విసుగంతా ఒక్కసారి పైకి వచ్చింది. "ఒక్క రోజులో నువ్వు పోతావా?" అన్నాను.

నిజంగానే ఆలోచించింది. తన ఒంట్లో తాను చూసుకుంటున్నట్టు కళ్ళు మూసుకుని, తెరిచింది.

"పోను," అంది. "ఆకలి కూడా ఏస్తన్నాది."

నాకు ఏడుపొచ్చింది. నవ్వు కూడా వచ్చింది. రెంటినీ ఆపుకుని అక్కడే నిలబడ్డాను.

"ఎల్లు," అంది అమ్మ. "ఆల నారు ఎండిపోతన్నాది. పాపం. మూసీ."

డ్యామ్ మీదికి బావ కూడా వచ్చాడు, అడక్కుండానే. బటన్ నొక్కాను. మోటారు మూలిగింది. గేటు దిగుతుంటే కింద హోరు తగ్గుతూ వచ్చి, చివరికి ఆగింది. ఆ నిశ్శబ్దం నేను మరిచిపోలేను. ఎన్నోసార్లు మూసిన గేటే అది. ఆ రోజు మాత్రం మా నాన్న మీద మట్టి వేస్తున్నట్టు అనిపించింది. నాన్న పోయిన రోజు చిన్నవాణ్ణని నా చేత వేయించలేదు. రెయిలింగు పట్టుకుని ఏడ్చాను. బావ నా భుజం మీద చెయ్యి వేశాడు గానీ ఏమీ అనలేదు. చెప్పకూడని చోట ఊరుకోవడం అతనికి బాగా అలవాటు.

కాలనీలో మా అరుగు మీంచి చూస్తే డ్యామ్ గట్టు కనబడుతుంది. ఆ సంగతి నాకు అప్పుడు తోచలేదు.

అమ్మ ఇప్పటికీ ఉంది. వెనకటిలాగే పొద్దున్నే మట్టం అడుగుతుంది. ఈ ఏడు ఈస్టరుకు మళ్ళీ పడవ ఎక్కాం. ఇద్దరం ముగ్గురమే. పాతవాళ్ళు చాలామంది లేరు, ఉన్నవాళ్ళకు ఓపిక లేదు. బావ తనకు తానే ఒక బంతిపూల దండ తెచ్చుకుని పడవ ముక్కు దగ్గర పెట్టాడు. నడినీళ్ళలో తెడ్డు ఆపి అడిగాడు.

"ఎటు తిప్పమంటావత్తా?"

"ముందు కల్లానికే. ఇన్నేల్లు మన పాట ఇన్నాది. ఒగ్గేస్తే బాగోదు."

తాటిమోడు దగ్గర ఆగాం. కీర్తన పాడాం. బావకు మాటలన్నీ వచ్చని ఆ రోజే తెలిసింది. రాక చస్తాయా, అన్నేళ్ళు విన్నాక. దండ మోడుకు వేశాడు. అమ్మ సగం సున్నం అక్కడే పోసింది. తరవాత గెడ్డ ఉండే చోటు దాటి, కొండ కొమ్ములు చూసుకుంటూ బావ ఒకచోట పడవ నిలిపాడు. ఆనవాలు ఏమీ లేదక్కడ. ఉత్త నీళ్ళు. అమ్మ మిగతా సున్నం పోసి, అది కలిసిపోయేదాకా చూసింది. చెయ్యి నీళ్ళలో పెట్టి ఆడించింది.

"నన్ను మాత్తరం కాలనీలోనే పెట్టీండి," అంది.

నేను వినలేదనుకుని మళ్ళీ అంది.

"అదేటమ్మా, నాన్న పక్కన పెట్టమన్నావు కదా," అన్నాను. "ఇంకో వేసవికి నీళ్ళు దిగుతాయేమో."

"దిగినా వద్దు. మీ నాయన ఒక్కడు సాలు." నీళ్ళలోంచి చెయ్యి తీసి చీరకు తుడుచుకుంది. "ఆ రోజు అరుగు మీంచి సూసినాను నిన్ను, గేటు మూసి రెయిలింగు మీద తలెట్టుకుని. నాను కూడా కిందుంటే, మూసినప్పుడల్లా ఇద్దర్ని కప్పెట్టాలి నువ్వు."

బావ తెడ్డు ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నేను ఖాళీ బకెట్టు కడిగే వంకతో తల వంచుకున్నాను. ఈవిడ నా మట్టం ఎప్పుడూ అడగలేదని అన్నాను చూడండి, అడగాల్సిన అవసరం లేకపోయింది.